రెండు ఏడైంది

నేను కోయవాణ్ణి. చింతూరు మండలంలో ఒక ఆశ్రమ పాఠశాలలో పని చేస్తున్నాను. చదివింది డి.ఎడ్. ఈ పుస్తకానికి ఏదైనా రాయమన్నప్పుడు నేను భూమి పండుగ గురించో, కొమ్ము నాట్యం గురించో రాస్తానని అడిగినవాళ్లు అనుకొని ఉంటారు. వాటి గురించి నాకంటే బాగా చెప్పగలిగిన పెద్దలు మన ఊళ్లలో ఉన్నారు. నేను మా బడి ఆఫీసు గదిలో ఉన్న ఒక ప్రింటరు గురించి రాస్తున్నాను. నవ్వకండి. ఆ ప్రింటరు మా పిల్లలు నలుగురి పుట్టిన తేదీలు మార్చేసింది. అందులో నా చెయ్యి కూడా ఉంది.

అది డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు. ఇప్పటి పిల్లలు లేజర్ ప్రింటర్లు చూస్తున్నారు గానీ, దీన్ని కూడా చూసే ఉంటారు. బస్టాండులో, బ్యాంకులో, కరెంటు ఆఫీసులో కర్ర్ కర్ర్‌మని అరుస్తూ, రెండు పక్కలా చిల్లులున్న కాగితం మీద అచ్చు వేసే యంత్రం. దాని లోపల అటూ ఇటూ పరిగెత్తేదాన్ని హెడ్ అంటారు. హెడ్ ముక్కులో సన్నని సూదుల్లాంటి పిన్నులు ఒకదాని కింద ఒకటి నిలువుగా ఉంటాయి. మా దానికి తొమ్మిది. లోపల కరెంటు అయస్కాంతం పని చేసినప్పుడల్లా ఒక పిన్ను ముందుకు దూకి రిబ్బన్‌ను కొడుతుంది. రిబ్బన్‌లోని సిరా కాగితం మీద చుక్కగా పడుతుంది. చుక్కలు కలిస్తే అక్షరం. మన ఆడవాళ్లు ముంగిట్లో చుక్కలు పెట్టి ముగ్గు వేసినట్టే, కాకపోతే ఇక్కడ గీతలు కలపరు, చుక్కలే దగ్గర దగ్గరగా పెడతారు.

ఇది కొట్టి అచ్చు వేస్తుంది కాబట్టే ఆఫీసులు దీన్ని వదల్లేదు. కార్బన్ పెట్టిన మూడు కాగితాలు ఒకేసారి ఎక్కిస్తే మూడింటి మీదా పడుతుంది. ఒకటి బడికి, రెండు పైకి. లేజర్‌కు ఆ పని చేతకాదు.

2008లో ఆఫీసు గదిలో కీబోర్డు మీద వేళ్లు పెట్టగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని పాఠాలతోపాటు ప్రింటరు కూడా నా మెడకు చుట్టుకుంది. ఆ ఏడాది పదో తరగతి పిల్లల నామినల్ రోల్ పంపాల్సిన రోజులు వచ్చాయి. నామినల్ రోల్ అంటే పరీక్ష రాసే పిల్లల పేర్లు, తండ్రుల పేర్లు, పుట్టిన తేదీలు, కులం అన్నీ ఉండే పట్టిక. ప్రింటు చూస్తే ముసురు పట్టిన రోజు పొద్దులా ఉంది. రిబ్బన్ అయిపోయింది. కొత్త రిబ్బన్ కావాలంటే భద్రాచలం వెళ్లాలి. కంటింజెన్సీ డబ్బు ఇంకా రాలేదు. మా అటెండరు మామ ఒక ఉపాయం చెప్పాడు: "అల్లుడూ, స్టాంపు ప్యాడ్ సిరా ఉంది కదా, నాలుగు చుక్కలు పొయ్యరాదూ."

పోశాను. నాలుగు కాదు, సగం సీసా. రిబ్బన్ పెట్టె మూత తీసి, వంకాయ రంగు సిరా పోసి, ఒక రాత్రి నాననిచ్చాను. పొద్దున అచ్చు నిగనిగలాడుతూ వచ్చింది. హెచ్.ఎం. గారు మెచ్చుకున్నారు. డబ్బు ఖర్చు లేకుండా పని చేశావన్నారు. నేను పొంగిపోయాను.

ఆ మెప్పు ఖరీదు నాకు 2011లో తెలిసింది.

ఒక రోజు మధ్యాహ్నం మా పాత విద్యార్థిని, వాళ్ల నాన్న వచ్చారు. ఆ అమ్మాయి మా దగ్గర పదో తరగతి అయ్యాక భద్రాచలంలో ఇంటర్ చదివింది. నర్సు కోర్సులో సీటు వచ్చింది. సర్టిఫికెట్లు చూసేచోట ఆపేశారు. పదో తరగతి మార్కుల మెమోలో పుట్టిన తేదీ 17-09-1993 అని ఉంది. మేము ఇచ్చిన టి.సి.లో 12-09-1993 అని ఉంది. రెండూ ఒకే మనిషివని రుజువేమిటని అడిగారు. బల్ల వెనక కూర్చున్నాయన ఇంకో మాట కూడా అన్నాడట: "మీ ఏజెన్సీ వాళ్లకు పుట్టిన తేదీలు తెలిస్తే కదా."

ఆ మాట నన్ను రెండు రకాలుగా గుచ్చింది. ఒకటి, అందులో కొంత నిజం ఉంది. నా పుట్టిన తేదీనే తీసుకోండి. రికార్డులో జూన్ 10. మా అమ్మ మాస్టారుతో చెప్పింది ఇప్పపువ్వు ఏరే రోజుల్లో పుట్టాడని. ఇప్పపువ్వు రాలేది మార్చి, ఏప్రిల్‌లలో. మాస్టారు బడి తెరిచే నెల చూసుకొని జూన్ వేసుకున్నారు. నా వయసువాళ్లలో సగం మంది జూన్‌లోనే పుట్టారు, రికార్డుల ప్రకారం. రెండోది, ఈ అమ్మాయి సంగతి అలా కాదు. తల్లికి కాన్పు కష్టమైతే మంచం మీద మోసుకొచ్చి, జీపు ఎక్కించి భద్రాచలం ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ ఇచ్చిన చీటీని వాళ్ల నాన్న ప్లాస్టిక్ కవరులో చుట్టి పదిహేడేళ్లు ఇంటి చూరులో దాచాడు. శబరి వరదలకు ఇల్లు ఖాళీ చేసినప్పుడు కూడా ముందు ఆ కవరే తీశాడట. పుట్టిన తేదీ కచ్చితంగా తెలిసిన పిల్ల మా బడిలో ఎవరైనా ఉన్నారంటే అది ఆ అమ్మాయే.

"మెమో వచ్చినప్పుడు చూసుకోలేదా అమ్మా?" అని అడిగాను.

"చూశాను సార్. అచ్చులో ఉంది కదా, అదే నిజమేమో అనుకున్నాను."

నాకు నోట మాట రాలేదు. అచ్చులో ఉన్నది నిజమని నేర్పింది మేమే కదా.

బీరువా తెరిచి 2008 నామినల్ రోల్ ఆఫీసు కాపీ తీశాను. మూడో కార్బన్ కాపీ, వెలిసిపోయి ఉంది. ఆ అమ్మాయి వరుస దగ్గర వేలు పెట్టాను. 12 అనే చదివాను. హెచ్.ఎం. గారూ 12 అనే చదివారు. మా అటెండరు మామ చదువు ఐదో తరగతితో ఆగింది. ఆయన కళ్లద్దాలు సర్దుకొని, "ఇది ఏడు కదా అల్లుడూ" అన్నాడు. మళ్లీ చూశాను. పైన వంపు ఉంది, కిందికి వాలే గీత ఉంది. అడుగున ఉండాల్సిన అడ్డగీత లేదు. మాకు ఆ పిల్ల తెలుసు, తేదీ తెలుసు, కాబట్టి లేని గీతను కూడా మా కళ్లే గీసుకొని చదివేశాయి. పైన ఆ కాగితం చూసి మళ్లీ టైపు చేసినవాళ్లకు ఈ పిల్ల ఎవరో తెలియదు. వాళ్లు ఉన్నది ఉన్నట్టు చదివారు. వాళ్లను తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు.

అప్పుడు కాగితం మొత్తం చూశాను. ప్రతి రెండూ అలాగే ఉంది. ఇంగ్లీషు ఇ అక్షరం ప్రతిచోటా ఎఫ్‌లా ఉంది. ఎల్ అక్షరం ఒట్టి నిలువు గీత. అదే ప్రింటరు మీద ఆ వారం తీసిన కాగితం పక్కన పెట్టాను. అదే జబ్బు. మూడేళ్లుగా అడుగు గీత లేని అక్షరాలతో మా పిల్లల పేర్లు పంపుతున్నాం.

భద్రాచలంలో మెకానిక్‌కు ఫోన్ చేశాను. ఆయన చూడకుండానే "హెడ్ పోయింది, మార్చాలి" అన్నాడు. చెప్పిన ధర వింటే ఇంకో కొంచెం వేసుకొని కొత్తదే కొనొచ్చు అనిపించింది. పాత యంత్రం, మారుమూల బడి, హెడ్ పోయింది. మాట అక్కడితో అయిపోవాలి. కానీ ఆ అమ్మాయి నాన్న బయట వరండాలో ఇంకా కూర్చొని ఉన్నాడు. తప్పు ఎక్కడ జరిగిందో ఆయనకు చెప్పకుండా ఇంటికి పంపలేకపోయాను.

ప్రింటరుతో వచ్చిన పుస్తకం థర్మోకోల్ ముక్కల మధ్య ఎలుకలు మూల కొరికి ఉంది. రాత్రి దాన్ని ముందేసుకొని కూర్చున్నాను. అప్పుడు నేర్చుకున్నది, ఆ తర్వాత వేరే బడుల ప్రింటర్లు చూసి తెలుసుకున్నది ఇక్కడ చెబుతాను. ఇప్పటికీ ఇలాంటి యంత్రం ముందు కూర్చునే మాస్టార్లకు, గుమస్తా ఉద్యోగాల్లో చేరే మన పిల్లలకు పనికొస్తుంది.

మొదట తేల్చుకోవాల్సింది జబ్బు ప్రింటరుదా, కంప్యూటరుదా అని. కంప్యూటరు లేకుండానే ప్రింటరు తనను తాను పరీక్షించుకుంటుంది. కాగితం ఎక్కించి, స్విచ్ ఆపి, కాగితం ముందుకు జరిపే బటన్ నొక్కి పట్టుకొని మళ్లీ స్విచ్ వేస్తే చాలా ప్రింటర్లు ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు వరుసలు వరుసలుగా కొట్టుకుంటూ పోతాయి. ఆ వరుసలు శుభ్రంగా ఉండి మన కాగితం మాత్రం చెడిపోతే తప్పు వైరులోనో, కంప్యూటరులోనో ఉంది. పిచ్చి పిచ్చి గుర్తులు వస్తున్నాయంటే ముందు వెనక వైరు బిగించి చూడండి. మా దానిలో పరీక్ష వరుసల్లోనే అడుగు గీత లేదు. కాబట్టి జబ్బు ప్రింటరుదే.

రెండోది, అచ్చు అంతా మసకగా ఉందా, ఒక్క గీత మాత్రమే లేదా అన్నది. ఈ రెండూ వేరు వేరు జబ్బులు. నేను 2008లో చేసిన మొదటి తప్పు ఇక్కడే ఉంది. అప్పుడు మసక చూడగానే రిబ్బన్ అనుకున్నాను. నిజానికి హెడ్ పక్కన కాగితం మందాన్ని బట్టి జరిపే చిన్న మీట ఒకటి ఉంటుంది. ఒక్క కాగితం పెట్టినప్పుడు ఒకచోట, కార్బన్‌తో మూడు కాగితాలు పెట్టినప్పుడు ఇంకోచోట ఉండాలి. ఎవరో కవర్ల మీద అడ్రసులు కొట్టి మీటను చివరికి తోసి వదిలేస్తే హెడ్ కాగితానికి దూరమవుతుంది. పిన్ను దూకుతుంది గానీ దెబ్బ గట్టిగా పడదు. మా దాని మీట చివర్లోనే ఉంది. ఎన్నాళ్లుగా ఉందో దేవుడికే తెలియాలి. ఆ రోజు రిబ్బన్‌లో కొంత సిరా మిగిలే ఉందేమో, మీట వెనక్కి లాగితే సరిపోయేదేమో. ఇప్పుడు చెప్పలేను. దీనికి తిరగబడిన తప్పు కూడా ఉంది. మందం కాగితాలు పెట్టి మీటను దగ్గరగా ఉంచితే సిరా పులుముకుంటుంది, రిబ్బన్ చిరుగుతుంది, పిన్ను విరిగే ప్రమాదం కూడా ఉంది.

మీట సరిగ్గా ఉండి కూడా మసకగా వస్తే అప్పుడు రిబ్బన్ చూడాలి. అది తిరుగుతోందా లేదా అన్నది ముందు. రిబ్బన్ మీద సుద్దముక్కతో చిన్న గుర్తు పెట్టి నాలుగు వరుసలు కొట్టించండి. గుర్తు కదలకపోతే పిన్నులు ఒకేచోట కొట్టి కొట్టి ఆ ముక్కలోని సిరా తాగేస్తున్నాయన్నమాట. పెట్టె పక్కనున్న గుండీని బాణం గుర్తు ఉన్న వైపు తిప్పి బిగుతు చెయ్యాలి. అక్షరాల పై సగమో కింది సగమో మొత్తానికే కత్తిరించినట్టు లేకపోతే రిబ్బన్ తన దారి తప్పి పైకో కిందికో జారింది. కాగితం ఒక పక్క నల్లగా, ఇంకో పక్క మసకగా వస్తుంటే హెడ్ నడిచే కడ్డీ, రబ్బరు రోలరు సమానంగా లేవు. అది మెకానిక్ పని, మనం చెయ్యి పెట్టకూడదు. పట్టికల నిలువు గీతలు పాము నడిచినట్టు వంకరగా వస్తే హెడ్ వెళ్లేటప్పుడు కొట్టిన చుక్క, వచ్చేటప్పుడు కొట్టిన చుక్క ఒకచోట పడటం లేదు. దాన్ని సరిచేసే అమరిక ప్రింటరులోనే ఉంటుంది. తెలియకపోతే ఒకే దిక్కున కొట్టమని పెట్టుకోవచ్చు. నిదానమవుతుంది గానీ గీత నిటారుగా ఉంటుంది. వానాకాలంలో కాగితం చెమ్మ పట్టి ఉబ్బితే ఈ జబ్బులన్నీ ఒకేసారి వచ్చినట్టు కనిపిస్తుంది. కాగితం కట్టను గచ్చు మీద పెట్టకండి.

మా జబ్బు ఇవేవీ కాదు. మాది ఒకే గీత లేకపోవడం. అంటే తొమ్మిదిలో ఒక పిన్ను పని చేయడం లేదు. ఏది? ఇంగ్లీషు పెద్ద అక్షరాలకు, అంకెలకు పై ఏడు పిన్నులే వాడతారు. కింది రెండూ జి, పి, వై లాంటి చిన్న అక్షరాల తోకలకు, అక్షరం కింద గీతకు. మా దానిలో తోకలు బాగానే ఉన్నాయి, అడుగు గీత లేదు. కాబట్టి ఏడోది. అదే పై పిన్ను పోయి ఉంటే టి నిలువు గీత అయ్యేది, ఏడు అంకె ఒట్టి వాలు గీత అయ్యేది.

ఇంకో సంగతి నన్ను రెండు రోజులు తికమక పెట్టింది. నామినల్ రోల్ పాత డాస్ ప్రోగ్రామ్‌లో ఇంగ్లీషులో తీసేవాళ్లం. తెలుగు ప్రశ్నపత్రాలు అనూ ఫాంట్లలో టైపు చేసేవాణ్ణి. ఇంగ్లీషులో తెల్లగీత ఎప్పుడూ అక్షరం అడుగునే ఉంది. తెలుగులో అది తిరుగుతోంది. ఒక వరుసలో తలకట్టు తెగుతుంది, ఇంకో వరుసలో వొత్తు తెగుతుంది, మరో వరుసలో నడుము. ఇది ఇంకో జబ్బేమో అనుకున్నాను. కాదు. ఇంగ్లీషు అక్షరాలు ప్రింటరు లోపలే ఉంటాయి, ఒక్కో వరుసకు హెడ్ ఒకసారి నడుస్తుంది, ఏడో పిన్నుకు ఎప్పుడూ అడుగు గీత పనే. తెలుగు అక్షరాలు దానికి తెలియవు. కంప్యూటరు వాటిని బొమ్మలా పంపుతుంది. బొమ్మను ప్రింటరు సన్న పట్టీలుగా కోసి కొడుతుంది. ప్రతి పట్టీలో ఏడో పిన్ను చోటు ఖాళీ. స్కేలు పెట్టి కొలిస్తే తెల్లగీతలు మూడు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ దూరంలో వరుసగా ఉన్నాయి. పట్టీ ఎక్కడ మొదలైతే దాన్ని బట్టి మన అక్షరం ఎక్కడో ఒకచోట తెగుతుంది. ధ కింది చిన్న గీత పోతే ద అవుతుంది. భ కింది గీత పోతే బ. ప్రశ్నపత్రంలో పిల్లలు ఎలాగో చదువుకుంటారు. పేరులో పోతే?

పిన్ను ఎందుకు పని చేయడం లేదో కూడా పుస్తకంలోనే దొరికింది, నేరుగా కాదు గానీ. ఆ కంపెనీ రిబ్బనే వాడమని రాసి ఉంది. సరుకు అమ్ముకోవడానికి రాస్తారులే అనుకున్నాను. తర్వాత తెలిసింది: రిబ్బన్‌లో ఉండేది నూనె కలిసిన సిరా. అది అచ్చుకే కాదు, పిన్నులు జారడానికీ పనికొస్తుంది. స్టాంపు ప్యాడ్ సిరా అలాంటిది కాదు. అది పిన్నుల సందుల్లో చేరి ఎండి, కాగితం నూగుతో, దుమ్ముతో కలిసి జిగురులా గట్టిపడుతుంది. మా ఏడో పిన్నును పట్టేసింది నేను పోసిన సగం సీసా సిరా.

సబ్‌సెంటరులో ఏ.ఎన్.ఎం. అక్కను అడిగి కాస్త స్పిరిట్ తెచ్చుకున్నాను. ప్రింటరు వైరు గోడ నుంచి పీకేశాను. అచ్చు కొట్టిన వెంటనే హెడ్ కాలుతుంది, చల్లారేదాకా ఆగాలి. రిబ్బన్ తీసేసి, నూగు రాలని పాత పంచె ముక్కను స్పిరిట్‌లో తడిపి హెడ్ ముక్కుకు అద్ది ఉంచాను. గుడ్డ వంకాయ రంగుకు తిరిగింది. తుడిచాను, మళ్లీ తడిగుడ్డ పెట్టాను. సూదితో గుచ్చాలని చెయ్యి లాగింది గానీ ఆగాను. పిన్ను వంగితే ఇక అంతే. పూర్తిగా ఆరనిచ్చి, స్పిరిట్ వాసన పోయాక, కొత్త రిబ్బన్ పెట్టి ఇ అక్షరం నాలుగు వరుసలు కొట్టించాను. ఈ రిబ్బన్ నా జేబు డబ్బుతో తెప్పించిందే. అడుగు గీత లేదు. రెండో రోజు మళ్లీ చేశాను. అక్కడక్కడ చుక్క పడింది. మూడో రోజు సాయంత్రం, కరెంటు పోయేలోపు, అడుగు గీత నిండుగా వచ్చింది. మా మామ కాగితం పట్టుకొని వరండాలోకి తీసుకెళ్లి వెలుతురులో చూసి, "ఇప్పుడు రెండు రెండే" అన్నాడు.

ఇలా అన్నిసార్లూ జరగదు. పిన్ను విరిగితే ఏ స్పిరిట్టూ దాన్ని అతికించదు. మెకానిక్ అన్నట్టు హెడ్ మార్చాల్సిందే. మాది అదృష్టం.

ప్రింటరు బాగయింది. మూడేళ్ల కాగితాలు బాగవ్వలేదు. అడ్మిషన్ రిజిస్టరు చేతిరాతతో ఉంది. అది ముందు పెట్టుకొని, మూడు బ్యాచులు, నూట ఇరవై మంది పిల్లల తేదీలు చూడటం మొదలుపెట్టాను. ఇక్కడ లెక్కల మాస్టారుగా నాకు ఒక సంగతి తట్టింది. రెండు ఉన్న ప్రతి తేదీకీ ప్రమాదం లేదు. 1992ను 1997 అని చదివితే పదో తరగతి పిల్ల వయసు పదకొండేళ్లు అవుతుంది. ఎవరైనా ఆగి ఆలోచిస్తారు. 12వ నెలను 17వ నెల అని ఎవరూ రాయరు. 25వ తేదీ 75 కాదు. చిక్కంతా 2వ తేదీ, 12వ తేదీ, 22వ తేదీలోని చివరి అంకె, ఫిబ్రవరి నెల. 7 కూడా తేదీయే, 17 కూడా తేదీయే, జూలై కూడా నెలే. అక్కడ తప్పును ఆపే గోడ లేదు. అలా జల్లెడ పడితే పదమూడు మంది మిగిలారు. వాళ్ల మెమోలు తెప్పించి చూస్తే తప్పు పడినవాళ్లు ఆ అమ్మాయితో కలిపి నలుగురు.

పిల్లలకు ఇది ఎలా చెప్పాలని ఆలోచించి ఒక రోజు ఆరో తరగతిలో చింతగింజలు తెప్పించాను. నేల మీద సుద్దతో అడ్డంగా ఐదు, నిలువుగా ఏడు గళ్లు గీయించాను. గింజలతో రెండు అంకె పేర్చమన్నాను. పద్నాలుగు గింజలు పట్టాయి. అడుగు వరుసలోని ఐదు గింజలు తీసేయమన్నాను. తొమ్మిది మిగిలాయి. "ఇదేంటి?" అంటే తరగతి మొత్తం "ఏడు!" అని అరిచింది. వెనక వరుసలో ఒక పిల్లవాడు మాత్రం, "రెండే సార్, కాలు విరిగింది" అన్నాడు. వాడికి నా సీసా కథ తెలియదు. ఆ తర్వాత వాళ్ల పేర్లు ఇంగ్లీషులో పేర్చుకొని, ఒక్కో వరుస తీసేసి, ఎవరి పేరు ఏమవుతుందో చూసి నవ్వుకున్నారు. గంట కొట్టినా లేవలేదు.

హెచ్.ఎం. గారి సంతకంతో నాలుగు ఉత్తరాలు పంపాం. అడ్మిషన్ రిజిస్టరు నకలు, టి.సి. నకలు, ఆఫీసు కాపీ జత చేశాం. తప్పు మా ప్రింటరుదని, తల్లిదండ్రులది కాదని రాశాను. ఆ వాక్యం అవసరమా అని హెచ్.ఎం. గారు అడిగారు. మన బడికి చెడ్డ పేరు కదా అన్నారు. ఉండనివ్వండి సార్ అన్నాను. ఆయన కాసేపు చూసి సంతకం పెట్టారు.

ఆ ఏడాది సీటు పోయింది. సవరించిన మెమో వచ్చేసరికి తరగతులు మొదలై నెలలు గడిచాయి. మళ్లీ ఏడాది ఆ అమ్మాయి దరఖాస్తు పెట్టుకుంది, సీటు వచ్చింది, చేరింది. ఒక ఏడాది వృథా అయిందని వాళ్ల నాన్న ఎప్పుడూ అనలేదు. సంతలో కనిపిస్తే ముందు ఆయనే పలకరిస్తాడు. అనకపోవడం నాకు ఇంకా బరువుగా ఉంటుంది. సిరా పోసింది నేనేనని ఆ వరండాలోనే ఆయనకు చెప్పాను. ఆయనకు ఎంత అర్థమైందో గానీ, "మెషీన్ పని మెషీన్‌కే తెలుస్తది సారూ" అన్నాడు. అలా కాదని చెప్పడానికి ఇదంతా రాస్తున్నాను.

ఆ తర్వాత కాగితాలు ఇంకా పెరిగాయి. ఖమ్మం జిల్లాలో పుట్టిన మా పిల్లలు 2014లో తూర్పు గోదావరి జిల్లా పిల్లలయ్యారు, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా పిల్లలయ్యారు. ఊరు కదల్లేదు, శబరి కదల్లేదు, చిరునామా మారింది. మారినప్పుడల్లా పేర్లు, తేదీలు మళ్లీ ఎక్కడో ఎవరో చూసి టైపు చేస్తారు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో నింపుతున్నాం, అయినా పిల్లల చేత ఎవరి వరుస వాళ్ల చేత పైకి చదివించి, వేలు పెట్టించి, ఆ తర్వాతే పంపుతాను. ఒక పిల్ల రెండు అని చదివితే, ఆ రెండుకు కాలు ఉందో లేదో పక్క పిల్ల చూస్తుంది. మా బడిలో దీనికి "కాలు చూడటం" అనే పేరు కూడా పడింది.

మిగిలిన ముగ్గురిలో ఇద్దరికి సవరించిన మెమోలు వచ్చాయి. నాలుగో అబ్బాయిది రాలేదు. ఉత్తరం అందలేదన్నారు, మళ్లీ పంపాం, ఒరిజినల్ మెమో జత చెయ్యాలన్నారు. అప్పటికి ఆ అబ్బాయి చదువు మానేసి మిర్చి కోతలకు వెళ్లిపోయాడు. మెమో వాళ్ల ఇంట్లో చెదలు తిన్నదట. ఇప్పుడు పెళ్లయి ఇద్దరు పిల్లలు. సవరణ ఇప్పుడెందుకు సార్ అంటాడు. అతని ఫైలు ఇంకా నా బీరువాలోనే ఉంది. పైన అతని పేరు, కింద 02-05-1994 అని చేత్తో రాశాను.